బోర్డు మీద నా పేరు

ఫిబ్రవరి 4, మంగళవారం
మొదటి అంతస్తులో బోర్డు మీద నా పేరు ఉందట. ఆ అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు.

పన్నెండింటికి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. బీఎస్సీ రెండో సంవత్సరం. బోనఫైడ్ సర్టిఫికెట్ కోసమనుకొని ఫారం ఇచ్చాను. తీసుకోలేదు. “సుగుణ మేడం అంటె మీరేనా?” అవునన్నాను. “ఫిర్యాదుల కమిటీల మీ పేరున్నది.” ఏం పని అని అడిగితే, రేపు ఒస్త అని వెళ్లిపోయింది.

సాయంత్రం పోయి చూశాను. ప్రిన్సిపాల్ గది బయట, మంటలార్పే సిలిండర్ వెనుక. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ. ఆరు పేర్లు. నాలుగోది నాది. జూనియర్ అసిస్టెంట్, సభ్యురాలు.

ఫిబ్రవరి 5, బుధవారం
వచ్చింది. పాత రికార్డుల గదిలో కూర్చోబెట్టాను. పేరు ఇక్కడ కూడా రాయను.

కెమిస్ట్రీ సారు. ప్రాక్టికల్ రికార్డుల మీద సంతకాలు నాలుగు దాటాక పెడతాడు. ఒక్కొక్కరినే పిలుస్తాడు, బ్యాలెన్స్ రూములోకి... ల్యాబు చివర, తూకాలు ఉండే చిన్న గది. కిటికీ లేదు. పోయిన నెల ఈమె వంతు. తలుపు మూశాడు. మిగిలింది చెప్పింది. రాయను.

చెబుతున్నంతసేపు రికార్డు పుస్తకం అట్టను గోటితో గీకుతూనే ఉంది. ఏడవలేదు. “అరవలేదా అని అడగరా?” అంది. అడగనన్నాను.

ఒకటే కోరింది. “ఇంట్ల చెప్పొద్దు మేడం. మా నాయినకు తెలిస్తె చదువు బంద్. ఎల్లుండికల్లా ఊర్ల ఉంట.” చెప్పనని మాట ఇచ్చాను.

కాగితం రాయాలి అన్నాను. ఎవరికి రాయాలో, ఎట్లా రాయాలో నాకూ తెలియదు. తెలుసుకొని చెబుతానన్నాను.

ఫిబ్రవరి 6, గురువారం
ఇంట్లో ఆయన — “అన్నం సల్లగైతుంది. ఏంది గంత సోంచాయిస్తున్నవ్?” ఆఫీసు పని అన్నాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం
కమిటీకి పెద్ద బాటనీ విమల మేడమట. ఆమె గదికి పోయి తలుపు దగ్గరగా వేసి చెప్పాను. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతారు. కళ్లద్దాలు తీసి తుడిచారు. “అయ్యో... ఇప్పుడెలాగండీ? మనం ఒక్కసారీ కూర్చోలేదు కదా.” నిజమే. “ముందు ప్రిన్సిపాల్ గారితో ఓ మాట అంటే...” అని ఆగారు. కళ్లద్దాలు పెట్టుకున్నారు. “వద్దులెండి సుగుణగారూ. ముందు ఆ పిల్లని కలుద్దాం.”

మేడం ముందు ప్రిన్సిపాల్ దగ్గరికే పోతారనుకున్నాను. పోలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం
అమ్మాయి ఫిర్యాదు రాసింది. రెండు పేజీలు. విమల మేడం పక్కన కూర్చున్నారు, ఒక్క మాటా అందివ్వలేదు. పోలీసుల దగ్గరికి కూడా పోవచ్చు, మేం వెంట వస్తాం అని చెప్పారు. “ఇప్పుడు గాదు మేడం. ముందు కాలేజి ఏం జేస్తదో చూస్త.”

చూస్తుంది. కాలేజీ అంటే ఇప్పుడు మేమే.

ఫిబ్రవరి 13, గురువారం
కమిటీ మొదటిసారి కూర్చుంది. లైబ్రరీ వెనుక గదిలో. బయటి సభ్యురాలు ఎల్బీ నగర్ కోర్టులో లాయరు. మెట్రో దిగి నడిచి వచ్చింది. బ్యాగు కింద పెట్టకముందే, “మినిట్స్ బుక్కేది?”

ఉంది. ఆఫీసు బీరువాలోనే. తీసి ఇచ్చాను. మూడు నెలలకోసారి ఒక పేజీ — సమావేశం జరిగినది, ఫిర్యాదులు ఏమీ లేవు. కింద అందరి సంతకాలు. నాది కూడా. పేజీ పేజీకి నాదే, నీలం సిరాతో. అటెండర్ యాదమ్మ తెచ్చే కాగితాల కట్టలో ఇవి కూడా వచ్చేవన్న మాట. ఎక్కడ పెట్టాలో యాదమ్మ వేలు పెట్టి చూపేది, నేను పెట్టేదాన్ని.

లాయరమ్మ పేజీలు తిప్పింది. “మస్తు మీటింగులు జేసిన్రు గద మీరు.” ఎవరూ నవ్వలేదు. అందరికంటే ఎక్కువ సిగ్గు పడాల్సింది నేనే అనిపించింది. ఆ అమ్మాయి బోర్డు చదివి వచ్చింది. నేను సంతకం పెడుతున్నది కూడా చదవలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం
విచారణ అయ్యేదాకా సారు రికార్డులు ముట్టవద్దు, మార్కులు వేయవద్దు. ల్యాబు వైపు రావద్దు. ఇంకో లెక్చరర్ సంతకాలు పెట్టాలి. అందరి ముందు, ల్యాబు బల్ల మీద. లాయరమ్మ చెబుతుంటే నేనే టైపు చేశాను. ఫిర్యాదు నకలు కూడా ఆయనకు అందింది. సెలవు పెట్టి వెళ్లాడు.

ప్రిన్సిపాల్ సారు పిలిచి — “నువ్వు ఆఫీసు మనిషివి సుగుణమ్మా. నీకెందుకు గీ లొల్లి?” బోర్డు మీద పేరుంది సార్ అన్నాను. “అది మామూలుగ పెట్టిందమ్మా.”

ఫిబ్రవరి 18, మంగళవారం
బ్యాలెన్స్ రూము తలుపు ఊడదీశారు. కమిటీ రాసింది, విమల మేడం వెంటపడి ప్రిన్సిపాల్‌తో సంతకం చేయించారు. గాలి తగిలితే తూకాలు కదులుతాయని డిపార్ట్‌మెంటు వాళ్ల అభ్యంతరం. “కదిలితే రెండుసార్లు తూయండి” అన్నారు మేడం. అంత గట్టిగా మాట్లాడటం మొదటిసారి విన్నాను.

వడ్రంగికి పావుగంట పట్టింది.

ఫిబ్రవరి 20, గురువారం
రాయాలి. తప్పు నాది.

ఉదయం పదిన్నరకు అమ్మాయిని విన్నాం. ఎవరికీ తెలియకూడదని క్లాసుల టైమే పెట్టాం. ఫోన్లన్నీ బంద్ చేయించాం. గంట పైనే మాట్లాడింది. నేను ఆమె పక్క కుర్చీలోనే ఉన్నాను. నీళ్లు ఇచ్చాను.

పదకొండూ నలభైకి సీటుకు వచ్చాను. రోజూ పదకొండున్నరకు నా పని ఒకటి ఉంది. రాని పిల్లల నంబర్లు ఎక్కించి మీట నొక్కితే తల్లిదండ్రుల ఫోన్లకు మెసేజ్ పోతుంది — మీ అమ్మాయి ఈ రోజు కళాశాలకు రాలేదు. ఊళ్ల నుంచి పిల్లల్ని చేర్చేటప్పుడు ఇదే గొప్పగా చెబుతాం. అప్పటికే ఆలస్యమైంది. గబగబా నొక్కాను. ఆమె నంబరు అందులో ఉంది. ఎక్కడుందో ఎవరికన్నా తెలిస్తే నాకే తెలియాలి.

ఒంటిగంటకు కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో ఫోను. తండ్రివి పద్నాలుగు కాల్స్. హాస్టల్ ఆంటీని అడిగాడట, పొద్దుగాలే పోయింది అందట. బస్సెక్కాడు.

“మీరే పంపిన్రా?”
నేనే.
“నా పక్కకే కూసున్నరు గద మేడం.”

మూడున్నరకు వచ్చాడు. నకిరేకల్ అవతల ఊరు. మోటార్లకు వైండింగ్ చేస్తాడట, గోళ్లలో వార్నిష్ నలుపు. “మా బిడ్డేది?” ఉందన్నాను. పాత రికార్డుల గది చూపించాను. అమ్మాయి నాతో — “నేనే చెప్త. మీరు బయటుండున్రి.”

బయటే ఉన్నాను. లోపలి నుంచి చప్పుడు లేదు. అరుపు కోసం చూస్తూనే ఉన్నాను. అర్ధగంటకు ఆయన ఒక్కడే వచ్చాడు. “నీళ్లెక్కడున్నయ్?” నల్లా దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నాడు. మెసేజ్ పంపింది నేనేనని చెప్పాను. నా వైపు చూశాడు.

రాత్రికి సరూర్‌నగర్‌లో బంధువుల ఇంట్లో ఉంటారట, ఇద్దరూ. రేపు ఏం చేస్తాడో తెలియదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం
పొద్దున్నే ప్రిన్సిపాల్ అమ్మాయి తండ్రిని గదిలోకి పిలిచాడు. తర్వాత నన్ను. “టీసీ ఫారం తే సుగుణమ్మా.” తెచ్చాను. తేకుండా ఉండాల్సింది. పన్నెండేళ్ల అలవాటు, తే అంటే తెస్తాను.

ప్రిన్సిపాల్ నెమ్మదిగానే చెబుతున్నాడు — “ఆడపిల్ల. పేరు బయటకొస్తె మీకే కష్టం. వేరే కాలేజీల నేనే సీటిప్పిస్త. చైతన్యపురిలనే.”

ఆయన ఫారం తీసుకొని చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. “మా బిడ్డ ఏం జేసింది సార్?”
“ఆమె ఏం చెయ్యలేదు పెద్దాయనా...”
“ఏం చెయ్యనోళ్లకు గీ కాయితమెందుకు? చెయ్యేసింది గాయన. గాయనకియ్యున్రి.”

ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు. నేను ఫారం వెనక్కి తీసుకున్నాను. ఈసారి ఎవరూ చెప్పలేదు.

ఇద్దరం బయటికి వచ్చాం. కూతురు మెట్ల దగ్గర నిలబడి ఉంది. “పోదామా బిడ్డా ఊరికి?” అన్నాడు. ఇప్పుడే లోపల అంత మాట అన్న మనిషి! ఆమె — “పరీక్షలైనంక ఒస్త నాయినా.” యాదమ్మ చీపురు పట్టుకొని ఆగిపోయింది.

“సరె” అన్నాడు. ఒక్కడే బస్టాపుకు నడిచాడు.

ఫిబ్రవరి 24, సోమవారం
సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోట్లాడి ఒక గడి పెట్టించాను. ‘కళాశాల పనిపై’. టిక్ పెడితే హాజరు పడుతుంది, మెసేజ్ పోదు. కారణం అడగదు. రెండు గంటల పని. ఇన్నేళ్లు ఎవరూ అడగలేదు.

అమ్మాయి ఇంకా నాతో మాట్లాడటం లేదు. విమల మేడంతో మాట్లాడుతుంది. అది చాలు.

మార్చి 3, సోమవారం
ఇంకో ఇద్దరు రాసి ఇచ్చారు. ఒకరు మూడో సంవత్సరం. అదే గది, అదే టైము. ఈమెను చూసి వచ్చారా, తీసేసిన తలుపును చూసి వచ్చారా... అడగలేదు.

మార్చి 12, బుధవారం
సారును విన్నాం. తెల్ల చొక్కా, ఫైలు. పిల్లలు మార్కుల కోసం అంటున్నారు అన్నాడు. ఏ మార్కులు, ఎవరికి, ఎంత తగ్గాయి అని లాయరమ్మ అడిగింది. ఫైలు విప్పాడు. అందులో ఆ ముగ్గురికీ ఆయన వేసిన మార్కులు బాగానే ఉన్నాయి. మూసేశాడు.

టీ దగ్గర ఫిజిక్స్ సారు — “జర జాగ్రత్త, సుగుణ మేడం ముంగట దగ్గినా ఫిర్యాదే.” అందరూ నవ్వారు. యాదమ్మ కప్పులు సర్దుతూ — “దగ్గుకు గాదు సారూ. చెయ్యికి.” నవ్వు ఆగింది.

మార్చి 20, గురువారం
లాయరమ్మకు తెలిసిన కౌన్సెలర్ ప్రతి గురువారం వస్తున్నది. లైబ్రరీ వెనుక గదే. ఇవ్వాళ్టికి మూడోసారి. అమ్మాయి పోయేటప్పుడు కిటికీ దగ్గర ఆగింది. “ఇయ్యాల గడి నింపిన్రా మేడం?” ఆ సంగతి విమల మేడం చెప్పి ఉంటారు. నింపానన్నాను. “చూపించున్రి.” స్క్రీన్ తిప్పి చూపించాను. తల ఊపి పోయింది.

నెల రోజుల తర్వాత మాట.

ఏప్రిల్ 4, శుక్రవారం
కెమిస్ట్రీ ప్రాక్టికల్. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్, ఆడమనిషి. హాజరు పట్టీ ఇవ్వడానికి పోయాను. అమ్మాయి బ్యూరెట్ ముందు. చుక్క చుక్కగా వదులుతుంది. రంగు తిరిగింది, ఆపింది, రాసుకుంది. తూకం వేయడానికి ఆ గదిలోకి పోవాలి. గడప దగ్గర ఒక్క క్షణం... పోయింది. నేను మెట్ల దాకా వచ్చి ఆగాను. ఎవరూ పిలవలేదు. కిందికి వచ్చేశాను.

ఏప్రిల్ 11, శుక్రవారం
రిపోర్టు. పదిహేడు పేజీలు. ఫిర్యాదులు రుజువైనవి. ఉద్యోగం నుంచి తీసివేయాలని సిఫారసు. ముందు అంతా చదివాను, రెండుచోట్ల అడిగాను, తర్వాత సంతకం. సాయంత్రమైంది. లాయరమ్మ విసుక్కోలేదు.

ఇక మేనేజ్‌మెంట్ చేతిలో ఉంది.

ఏప్రిల్ 21, సోమవారం
మేనేజ్‌మెంట్ కూర్చోలేదు. చైర్మన్ ఊళ్లో లేడట. డిపార్ట్‌మెంటులో సారు కుర్చీ అట్లాగే ఉంది, వెనక తువ్వాలుతో సహా. విమల మేడం ఇంకో ఉత్తరం రాశారు. నకలు యూనివర్సిటీకి. “ఊరుకుంటామా ఏంటండీ” అన్నారు.

ఏప్రిల్ 28, సోమవారం
వచ్చే ఏడు మూడో సంవత్సరానికి పోయేవాళ్ల ప్రాజెక్టు ఫారాలకు ఇవ్వాళ ఆఖరు. మధ్యాహ్నం దాకా అమ్మాయిది రాలేదు. రెండుసార్లు కట్ట వెతికాను.

నాలుగింటికి వచ్చింది. ఊరి బ్యాగు భుజాన. తండ్రి కింద ఆటోలో ఉన్నాడట, సెలవులకు తీసుకుపోను వచ్చాడు. ఫారం కిటికీలోంచి ఇచ్చింది. సబ్జెక్టు — కెమిస్ట్రీ. జువాలజీ తీసుకుంటుందనుకున్నాను, అందరం అనుకున్నాం.

“గాయన మళ్ల ఒస్తడా మేడం?”
తెలియదన్నాను. బుధవారం మేనేజ్‌మెంట్ మీటింగు. అబద్ధం చెప్పలేను.

“ఒస్తె?”
“మళ్లీ రాస్తాం” అన్నాను.

గైడ్‌గా ఏ లెక్చరరో రాసే గడి ఖాళీగా వదిలింది. ఖాళీలున్న ఫారాలు తీసుకోవద్దని ఆఫీసు రూలు. తారీఖు ముద్ర వేసి, నంబరు వేసి, కట్టలో పెట్టాను.