మొదటి చేప

బిడ్డా సురేశూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాదైంది. నీ ఫొటో ముంగట చేపల పులుసు పెడదామనుకున్న. కొన్న చేపలు నీకు నచ్చయి గదా. మీ నాయిన డ్యూటీకి సెలవు పెట్టిండు. పొద్దుగాల్నే నీ గాలం పట్టుకొని ఇద్దరం దోహా సముద్రం కాడికి పోయినం.

"ఎండకు చేపలు గూడ నీడకే వస్తయమ్మా" అనేటోడివి. వంతెన నీడల గాలమేసిన. పన్నెండు దాకా కూసుంటే ఒక్క షేరీ చేప పడ్డది.

మొదటి చేపను నువ్వెప్పుడూ నీళ్లల్లనే ఇడిచేటోడివి. "పులుసుల పడేదాన్ని పారేస్తవారా" అని తిట్టేదాన్ని.

మీ నాయిన సంచి తెరిచి పట్టిండు.

"ఇది మొదటిదయ్యా" అన్న.

ఆయన సంచి మూసిండు. చేపను ఇడిచిపెట్టిన.

పులుసుకని నానబెట్టిన చింతపండు పప్పుల పోసిన. ఇయ్యాల్టికి అదే తిను, బిడ్డా.

మీ అమ్మ