కట్ అనుండ్రి

మున్సిపల్ ఆఫీసరు గారికి,

కరోనా వచ్చిందని రేకులు కొట్టి మూసేసిన మా ఫిల్మ్‌నగర్ బస్తీ సందులోంచి ఎందుకు బయటికి దూకానో సంజాయిషీ ఇమ్మని నోటీసు పంపారు. మా అమ్మకు ఇన్సులిన్ అయిపోయింది. మందులు ఇంటికే తెస్తామని మీరిచ్చిన నంబరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. అందుకే దూకాను.

నేను సినిమాల్లో ఫైటర్‌ని. హీరోల చేతిలో దెబ్బలు తినడమే నా పని. మందు కొనుక్కుని తిరిగొస్తుంటే రేకుల దగ్గర కానిస్టేబుల్ లాఠీ ఎత్తాడు. అలవాటు కొద్దీ, దెబ్బ తగలకముందే ఎగిరి పడ్డాను.

"ఏందిరా, నా ముందట యాక్టింగ్ జేస్తున్నవా?" అని ఆయన రెచ్చిపోయాడు. నా కుడి మోచేయి విరిగింది. ముందు పళ్లు ఊడి నోట్లోనే పడ్డాయి. జేబులో ఇన్సులిన్ సీసాలు పగిలి, ఆ గాజుపెంకులు తొడలో దిగాయి. అయినా ఆయన ఆపలేదు.

అమ్మ రేకుల సందులోంచి అంతా చూసింది. ఆమె కూడా ఒకప్పుడు జూనియర్ ఆర్టిస్టే. కొట్టడం ఏ మాటకు ఆగుతుందో ఆమెకు తెలుసు.

"కట్! సారూ, కట్ అనుండ్రి!" అంటూ చేతులు చీరుకుపోయి నెత్తురు కారేదాకా రేకులు బాదింది.

ఆమె పిలిచింది కానిస్టేబుల్‌ని కాదు. పక్కనే జీపులో కూర్చున్న మిమ్మల్ని. మీరు అద్దం పైకెత్తుకున్నారు.

మందు అందక అమ్మ నిన్న పోయింది. నా సంజాయిషీ ఇంతే. ఆ ఒక్క మాట ఎందుకు అనలేదో, మీ సంజాయిషీ కూడా నాకు పంపించండి.

ఇది ఎడమచేత్తో రాసిన,
మీ రేకుల లోపలి మనిషి