శంకరయ్యకు నేనిచ్చే శ్రుతి

2014 మే 12
శంకరయ్యకు సన్మానమట. కాలనీ క్లబ్బు కార్యదర్శి యాదగిరి పొద్దున్నే వచ్చి చెప్పాడు. కొత్త రాష్ట్రం సంబురాల్లో పాత కళాకారుడికి శాలువా. "బొగ్గుబాయిల కాడ నాటకం పుట్టించిన మనిషి గదా అవ్వా" అన్నాడు. పుట్టించాడు, సరే. అందులో నన్ను చంపిందీ వాడే. చాయ్‌తో పాటు ఆ మాటా మింగాను.

మే 13
యాదగిరి మళ్లీ వచ్చాడు. అసలు పని ఇవాళ బయటపెట్టాడు. శాలువా కప్పాక శంకరయ్య తన రాజు వేషం పద్యం ఒకటి పాడతాడు. గోదావరిఖని అంతా వెతికినా పద్యానికి హార్మోనియం వాయించే మనిషి దొరకలేదు. కీబోర్డు పోరగాళ్లున్నారు... వాళ్లకు పద్యం వెనక నడవడం రాదు. "నువ్వే దిక్కు అవ్వా."
ఒప్పుకున్నాను. మరీ జల్దీగా ఒప్పుకున్నానేమో. అనుమానపడ్డాడా? లేదు. రెండో చాయ్ కూడా తాగి పోయాడు.

మే 15
హార్మోనియం పెట్టె దించాను. ఖాసీం సాబ్‌ది. మా నాటకం ట్రూపు హార్మోనిస్టు. చివరికి దవాఖాన మంచం మీద నుంచి అన్నాడు: "రాజమ్మా, ఆ రోజు శ్రుతి పెంచింది నేనే. శంకరయ్య సైగ చేసిండు. నా మీద గుస్సా ఉంచుకోకు బహెన్." పెట్టె నాకిమ్మని భార్యకు చెప్పి పోయాడు. వాయించడం నా అంతట నేనే నేర్చుకున్నాను. మూడేళ్లు పట్టింది. పక్కింటివాళ్లు ఇల్లు మారారు.
ఖాసీం మీద గుస్సా లేదు. ఉన్నదంతా ఒక్కడికే దాచాను.

మే 16
ఆ రోజు. ఎన్నిసార్లు రాసినా తరగదు.
రాణి వేషం నాది, రాజు శంకరయ్య. నా మొదటి పద్యానికి మూడు వన్స్ మోర్‌లు. జనం అడిగితే మళ్లీ పాడాల్సిందే, అది పద్ధతి. రాజుకు ఒక్కటీ లేదు. రాజు మీసం దువ్వుతూ హార్మోనియం వైపు చూడటం చూశాను. అర్థం కాలేదు. రెండో పద్యం ఎత్తుకున్నాను. పెట్టె ఏ శ్రుతి ఇస్తే అందులోనే కదా ఎత్తుకుంటాం. రెండు మెట్లు పెంచి ఇచ్చారు. కింద ఉన్నప్పుడు తెలియదు, పైకి పోయాక తెలుస్తుంది. పైన గొంతు పగిలింది. కోడిపెట్టను తొక్కినట్టు. క్లబ్బంతా నవ్వు. మా ఆయన షిఫ్టు దిగి మసి ముఖంతో అట్లాగే వచ్చి వెనక నిలబడ్డాడు. ఆ ఒక్కడే నవ్వలేదు.
మరుసటి నెల రాణి వేషానికి కమాన్‌పూర్ నుంచి ఇంకో పిల్ల. నేను బాయి క్యాంటీన్‌లో ఉల్లిగడ్డలు కోశాను, రిటైరయ్యేదాకా. ఏడ్చినా ఎవరూ అడగని ఉద్యోగం.

మే 18
బడికి పోనిదాన్ని. పద్యాల పుస్తకం పట్టుకునే అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే చాకలి పద్దు రాసినా చివర రాగం తీయాలనిపిస్తుంది.
ఇంకొకటి. మా నాటకాల రాజులందరూ షిఫ్టు కూత కంటే ముందే చచ్చిపోవాలి. కూత మోగితే సగం జనం లేచి డ్యూటీకి పోయేవాళ్లు. ఒకసారి శంకరయ్య చావు ఆలస్యమైంది... ఖాళీ కుర్చీల ముందు చచ్చాడు. ఆ సంగతి తలచుకుంటే అన్నం బాగా దిగుతుంది.

మే 20
ఎండ. ఏమీ లేదు. పగ ఉంది.

మే 25
రిహార్సల్. బసంత్‌నగర్ నుంచి శంకరయ్య ఆటోలో దిగాడు. చేతికర్ర, తెల్ల లాల్చీ. నన్ను చూసి అక్కడున్న పిల్లలతో అన్నాడు: "ఈమె ఎవలనుకున్నర్రా? మా రాణి. ఈమె గొంతు పలిగిన సప్పుడు బాయి కిందికి గూడ ఇనవడ్డది!"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
వాడి గొంతుకు హాయిగా ఉండే శ్రుతి ఇచ్చాను. వెన్నలా పాడాడు.
"మస్తు వాయిస్తున్నవ్ రాజమ్మా. ఖాసీం దిగొచ్చినట్టే ఉన్నది."
"అంతా ఆయన నేర్పిందే బావా. ఏదీ మరిచిపోలే."

జూన్ 3
నిన్న అయిపోయింది.
శాలువా, దండ, మైకు. రెండు మెట్లు పెంచి ఇచ్చాను. ఎత్తుకున్నాడు. పోయాడు, పోయాడు... పైన పగిలింది. నాది పగిలినట్టే.
నవ్వు కోసం ఆగాను.
చప్పట్లు! ఫోన్లు ఎత్తి ఫొటోలు. "వన్స్ మోర్!" అని ఎవడో. అంతమందిలో ఒక్కడికీ చెవి లేదు. మనిషికే చప్పట్లు కొట్టారు, పాటకు కాదు. వాడు నా వైపు చూశాడు. తర్వాత మైకులో "వయసైంది, మన్నించాలె" అన్నాడు. ఇంకా చప్పట్లు. ఇన్నేళ్లు దాచిన పగ తీసుకుపోయి వాడికి రెండో శాలువా కప్పి వచ్చాను.

జూన్ 5
శంకరయ్య వచ్చాడు. ఒక్కడే. గడప దగ్గర నిలబడి—
"రెండు మెట్లు గదా?"
"బాగనే గుర్తున్నది బావా."
మంచినీళ్లు అడిగి తాగాడు. "కాసిపేటల గూడ సన్మానం పెట్టిండ్రు. పదిహేనో తారీఖు, ఆదివారం. నువ్వే వాయించాలె" అన్నాడు.
"వస్త. కానీ పాడేముందు మైకుల ఒక్క మాట చెప్పు. ఆనాడు ఖాసీంకు సైగ చేసింది ఎవలో."
"చెప్పకుంటే?"
"పాడేది నువ్వు. శ్రుతి ఇచ్చేది నేను. ఈసారి నాలుగు మెట్లు."
గ్లాసు గడప మీద పెట్టి పోయాడు.

జూన్ 9
కబురు లేదు. కుళాయిలో నీళ్లు కూడా లేవు.

జూన్ 14
కాసిపేట వాళ్ల ఫోను. హార్మోనియం నేనే వాయించాలని శంకరయ్య పట్టుబట్టాడట.
"ఇంకేమన్నా చెప్పిండా?"
"పాడేముందు ఒక మాట మాట్లాడేది ఉన్నది, మైకు పెట్టుమన్నడు అవ్వా."
ఏం మాటో వాళ్లకు చెప్పలేదు. నిజం చెబుతాడా... లేక రిహార్సల్లో వేసిన జోకే కాసిపేటలోనూ వేస్తాడా? వాడి నోట నిజం వినాలని ఇన్నేళ్లు బతికాను. వింటే ఆ మర్నాటి నుంచి ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు.
రేపు పొద్దున బస్సు తొమ్మిదింటికి.