జనానాలో కెమెరా

నవంబర్ 3, సోమవారం

కెమెరా వచ్చేసింది. నాది. కుట్టుమిషను తర్వాత ఈ ఇంట్లో నాదని చెప్పుకునే రెండో వస్తువు ఇదే.

నిర్మలమ్మ టీచర్ రిటైరయ్యాక పిట్టల ఫోటోల కోసం కొనుక్కున్న కెమెరా. ఇప్పుడు ఆవిడకు చేతులు వణుకుతున్నాయి. బీరువాలో పడి ఉండే బదులు వాడేవాళ్ళ దగ్గర ఉండాలని నాకు ఇచ్చింది. నలభై రెట్ల జూమ్. మేడ ఎక్కి చర్చి వైపు తిప్పాను. గోపురం మీద కూర్చున్న పావురం మెడలో ఆకుపచ్చ రంగు కనిపించింది. అబద్ధం కాదు, రంగు! కిందికి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ చూశాను.

మా ఆయన వాహెద్ బైక్ మెకానిక్. గ్రీజు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఫోన్ల కెమెరా ఉండంగ గీ డబ్బా ఎందుకే అన్నాడు. ఫోన్ లోపలికి రానివ్వరు కదా అన్నాను. అప్పుడు అర్థమైంది ఆయనకు.

మా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు, అంటే జనానాలోకి, మగ ఫోటోగ్రాఫర్ రాడు. పోయినేడు ఎవరో ఫోన్‌తో తీసిన పెళ్ళికూతురి ఫోటో స్టేటస్‌కు ఎక్కి సాయంత్రానికి ఊరంతా తిరిగింది. అప్పట్నుంచి జనానా గుమ్మం దగ్గర బుట్ట పెడుతున్నారు. ఫోన్లు అందులో వేస్తేనే లోపలికి. దాంతో పెళ్ళిళ్ళు అవుతున్నాయి గానీ ఫోటోలు లేవు. నా కెమెరాకు సిమ్ లేదు, నెట్ లేదు. తీసింది కడుపులో దాచుకుంటుంది. పెళ్ళిబట్టలు కుట్టేదాన్ని, నాకు తెలియని జనానా ఈ మెదక్‌లో లేదు. ఈ పని చేస్తే నేనే చేయాలి.

నవంబర్ 5, బుధవారం

గర్వం కాస్త దిగింది. పూర్తిగా జూమ్ చేస్తే ఊపిరి పీల్చినా బొమ్మ ఊగుతుంది. ఎదురింటి కోళ్ళను అరవై తీశాను. యాభై ఫోటోల్లో కోడి ఏదో, పక్కన ఆరేసిన బొంత ఏదో తెలియదు. నిర్మలమ్మ టీచర్‌కు ఫోన్ చేస్తే, డిజిటల్ జూమ్ ఆఫ్ చెయ్యి మజీదా, అది ఉత్త సాగదీసుడే, దేనికన్నా ఆనుకొని నిలబడు అన్నది. ఆఫ్ చేశాను. మోచేతులు కుట్టుమిషను మీద ఆనించాను. కోడి కన్ను, కంటి చుట్టూ ఎర్రటి అంచు, సూదితో కుట్టినంత స్పష్టంగా వచ్చింది.

నవంబర్ 9

బ్యాటరీ సగం ఉందని చూపిస్తూ చూపిస్తూనే చచ్చిపోతుంది. దీని మాట నమ్మితే కొంప కొల్లేరే. ఇంకోటి తెప్పించాలి.

నవంబర్ 14, శుక్రవారం

ఉమ్మె హాని ఆపా వచ్చింది. బట్టల కోసం కాదు! ఈ నెల ఇరవైమూడున వాళ్ళ అమ్మాయి నాజ్ పెళ్ళి. నాజ్ పెళ్ళి డ్రెస్సు, షరారా, నేనే కుడుతున్నాను. ఫోటోలు కూడా నన్నే తీయమంది. మగోని కన్ను పడొద్దు, ప్రింట్ ఏసేటోడు కూడ చూడొద్దు అన్నది. బస్టాండు దగ్గర ఫోటోల షాపు నడిపేది యాదలక్ష్మి, ఆడమనిషే, నేను పక్కన కూర్చుని వేయించుకుంటాను అన్నాను. వద్దన్నోళ్ళది తియ్యొద్దు, గా మాట పక్కా అన్నది. వద్దంటే తీయను, ఇది అమానత్ అన్నాను. మాకు అమానత్ అంటే మామూలు మాట కాదు. ఒకరు నమ్మి మన చేతిలో పెట్టింది, ఎట్లా ఇచ్చారో అట్లా తిరిగి ఇవ్వాలి.

ఆపా చెల్లెలికి ఇద్దరు కూతుళ్ళు, ఆడపడుచుకు ముగ్గురు. నాజ్ పెళ్ళిలో నెగ్గితే ఆ తలుపులన్నీ తెరుచుకుంటాయి. మాట పడితే ఒక్కటీ తెరుచుకోదు. బట్టలకు కూడా పిలవరు.

వాహెద్ తన షాపులో అందరికీ చెప్పాడట. మా ఇంట్ల ఫోటోగ్రాఫర్ ఉందని. డబ్బా అన్నాయన!

నవంబర్ 21, శుక్రవారం

ఈ రోజు మాంఝా. నాజ్‌కు పసుపు పూశారు. నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు కెమెరా ఎత్తి చూపిస్తాను. తల ఊపితే తీస్తాను, చెయ్యి అడ్డం పెడితే దించేస్తాను. నూటపది తీశాను. దగ్గరికి వెళ్తే అందరూ కట్టెల్లా బిగుసుకుంటున్నారు. పది అడుగులు వెనక్కి జరిగి జూమ్ చేస్తే మళ్ళీ మనుషులవుతున్నారు. నాజ్ ముక్కు మీద పసుపు, కళ్ళలో నీళ్ళు, నోట్లో లడ్డూ, మూడూ ఒకే ఫోటోలో! వాహెద్ ఒక్కటి చూపియ్యవా అన్నాడు. చూపించలేదు. అలిగాడు. అలగనీ.

నవంబర్ 24, సోమవారం, ఉదయం

నిన్నటి పెళ్ళి. చెయ్యి నొప్పి, నడుము నొప్పి, అయినా ఉండబట్టలేక రాస్తున్నాను.

ఆరు వందల ఫోటోలు. ఫ్లాష్ వేస్తే బట్టల మీది జర్దోజీ జరీపని అంతా తెల్లగా మండుతుందని ఆపేశాను. స్తంభానికి ఆనుకొని తీశాను. రెండో బ్యాటరీ నా ప్రాణం కాపాడింది. భోజనాల దగ్గర, పిల్లల దగ్గర, నాజ్ ముస్తాబు దగ్గర, ఎక్కడా తడబడలేదు.

నాజ్ దాదీ, అంటే నాయనమ్మ, హలీమాబీ ఓ మూల పాన్‌దాన్ ముందు పెట్టుకొని కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ళు. దగ్గరికి వెళ్ళి సలాం చేసి కెమెరా చూపించాను. అరచెయ్యి ఎత్తి, నాకొద్దు బేటీ అన్నది. దించేశాను.

తర్వాత జల్వా. పెళ్ళికొడుకును లోపలికి పిలిచారు. నాజ్‌కూ అతనికీ మధ్య అద్దం పెట్టారు. బీబీ, కళ్ళు తెరువు, నేను నీ గులాంను అని పెళ్ళికొడుకు చెప్పాలి. అప్పుడే పెళ్ళికూతురు కళ్ళు తెరుస్తుంది. పిల్లాడు సిగ్గుతో గొణిగాడు. అందరం వినబడలేదని అరిచాం. ఇంకోసారి గొణిగాడు. అంతలో అంత దూరం నుంచి హలీమాబీ గొంతు, అరే జోర్‌సే బోల్ బేటా, నాజ్ తాత నాకు గింతకన్న గట్టిగ చెప్పిండు అని! హాలంతా ఘొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. తల వెనక్కి పోయి, దుపట్టా భుజాల మీదికి జారి, ఉన్న నాలుగు పళ్ళూ కనిపించేలా. నేను స్తంభం దగ్గర. మధ్యలో నలభై అడుగులు. వేలు దానంతట అదే జూమ్ లాగింది, నొక్కింది.

అదే రోజు, మధ్యాహ్నం

చూశాను. అల్లా కసం, ఇంత మంచి పని నా చేతులతో ఎప్పుడూ చేయలేదు. ఒక్కొక్క ముడత, పాన్‌తో ఎర్రబడ్డ పెదవి, తెల్లటి జుట్టులో గోరింటాకు రంగు. ముసలామె కాదు, పదహారేళ్ళ పిల్ల నవ్వుతున్నట్టు ఉంది. నేను ఏడ్చాను. ఈ పని నేను చేయగలనని ఇక ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

ఆ అరచెయ్యి ఆ తర్వాత గుర్తొచ్చింది.

నవంబర్ 25, మంగళవారం

అన్నం సయించడం లేదు. ఏందే గంత పరేషాన్ అని వాహెద్ అడిగాడు. చెప్పాను, ఫోటో మాత్రం చూపించలేదు. తీసేయ్, ఎవలకు తెలుస్తది, ఆమెకే ఎరుక లేదు కదా అన్నాడు. నిజమే. ఒక్క బటన్ నొక్కితే అయిపోతుంది. కానీ దొంగ సరుకు చెరువులో పారేసినంత మాత్రాన దొంగ కాకుండా పోతుందా? అమానత్ అని నోటితో అన్నది నేనే.

ఇంకో సంగతి కూడా రాయాలి, ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను. తీసేయడానికి నాకు మనసు రావడం లేదు. ఆల్బం చివరి పేజీలో పెడితే నాజ్ ఎంత మురిసిపోతుందో అని పొద్దుట్నుంచి పదిసార్లు అనుకున్నాను. దగ్గర ఉంటే తల ఊపేదాకా ఆగేదాన్ని. దూరం కదా, ఆగలేదు. నలభై అడుగుల నుంచి తీస్తే అడగక్కర్లేదని ఎవరు చెప్పారు నాకు?

నవంబర్ 27, గురువారం

యాదలక్ష్మి షాపు షట్టరు సగం దించి నూట ఇరవై ప్రింట్లు వేసింది. నేను పక్కనే కూర్చున్నాను. అది వేయించలేదు. అక్కా, నువ్వు నాకే పోటీ వచ్చేటట్టున్నవ్ అన్నది యాదలక్ష్మి. వేరే రోజైతే ఎగిరి గంతేసేదాన్ని.

నవంబర్ 28, శుక్రవారం

వెళ్ళాను. ఆల్బం ఒక చేత్తో, కెమెరా ఒక చేత్తో.

ఆపా వాళ్ళ చెల్లెలు, ఆడపడుచు, ఇంకో నలుగురు ఉన్నారు. ఆల్బం చూసి ఒకటే మెచ్చుకోవడం. ఆపా చెల్లెలు అప్పుడే జనవరి తేదీ చెప్తోంది. అప్పుడు చెప్పేశాను. హలీమాబీ ముందు కూర్చుని, దాదీ, మీరు వద్దన్నా మీ ఫోటో తీశాను, తప్పు నాదే అని. నమ్మి లోపటికి రానిస్తే గిదా నువ్వు చేసేది అని ఆపా లేచింది. జనవరి తేదీ చెప్పినామె కొంగు సర్దుకుంది.

హలీమాబీ చెయ్యి చాపింది. తెరమీద పెద్దది చేసి చూపించాను. చాలాసేపు చూసింది. గిది నేనేనా అన్నది. మీరే అన్నాను. మస్తు తీసినవ్ బేటీ అన్నది. తర్వాత అన్నది, తల మీద దుపట్టా లేదు, తీసెయ్ అని.

డిలీట్ నొక్కాను. నిజంగానే తీసేయాలా అని కెమెరా అడిగింది. ఇది కూడా నా మనసులాగే ఉంది అనుకున్నాను. అవును నొక్కాను. పోయింది. అందరి ముందూ ఏడ్చాను, సిగ్గు కూడా లేకుండా.

హలీమాబీ వాళ్ళవైపు తిరిగి, తెల్వకుండ తీసేటోళ్ళు శానమంది ఉన్నరు, ఇంటికొచ్చి చెప్పేటిది గీమె ఒక్కతే, మీ పిల్లల పెండ్లిళ్ళకు గీమెనే పిలువుండ్రి అన్నది. ఆపా లేచి లోపలికి వెళ్ళింది. చాయ్ తెచ్చి ఇచ్చింది.

ఇంటికి నడుచుకుంటూనే వచ్చాను. ఆ ఫోటో లేదు. అయినా తల ఎత్తుకునే నడిచాను.

డిసెంబర్ 6, శనివారం

హలీమాబీ కబురు పంపింది. వెళ్ళేసరికి ఇస్త్రీ చేసిన దుపట్టా నుదుటిదాకా కప్పుకొని కుర్చీలో కూర్చుని ఉంది. నవ్వమంటే నవ్వలేదు. అయిదు తీశాను, అయిదూ ఒకటే.

ఒకటి పెద్దగా ఫ్రేం కట్టించి దివాన్‌ఖానాలో తగిలించమంది. మగవాళ్ళు కూర్చునేది కదా అని ఆపా అంటే, గిది నేను ఇచ్చిన ఫోటో, ఎవడన్న చూస్కోనీ అన్నది.

కింద నా పేరు రాయించింది.