నాయనను ఎవరిలో కలపాలి

ఆగస్టు 4
తిరుపతి. నాయన డయాలసిస్ మంచం మీద. చెయ్యి కదపకూడదు అన్నారు, నోటికి ఆ అడ్డు లేదు. మళ్లీ అదే పాట. "వాని సంగతి ఏమన్నా తెలిసిందేమిరా?"
వాడంటే వాళ్ల తాత. జాన్ మెకే. స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఓడ మనిషి. జేజి, అంటే నాయనకు నాయనమ్మ, మద్రాసులో ఒక దొరల ఇంట్లో వంటకు ఉన్నప్పుడు ఆమెను పట్టుకుని ఆమె ఊరు ఐరాల దాకా వచ్చినవాడు. ఒక వానాకాలం ఉన్నాడు. జేజి కడుపుతో ఉండగానే "మామిడి కాపుకు వస్తా" అని రైలెక్కాడు. నూరేళ్లు దాటింది. కాపులు వస్తూనే ఉన్నాయి.
పక్క మంచం ఆయన అడిగాడు, "ఎవురప్పా తప్పిపోయింది?"
"మా తాతప్పా" అన్నాడు నాయన.
ఆయన ఎనభై ఏళ్ల మా నాయనను పైనుంచి కింది దాకా చూసి, దుప్పటి కప్పుకుని అటు తిరిగాడు.

ఆగస్టు 6
చిత్తూరు. అంగడిలో ఈగలు తోలుకుంటున్నాను. మామిడి లారీలు లేవు, తాళ్లు అడిగేవాడు లేడు, టార్పాలిన్ అడిగేవాడు లేడు.
ఊరికే కూర్చోలేక జేజి ముడి వేసి విప్పాను. వేశాను. విప్పాను. ఎంత బరువు వేసినా జారదు. విప్పాలంటే ఒక్క వేలు చాలు. ఆ ఓడ మనిషి జేజికి నేర్పితే ఆమె బావి చేద తాడుకు వేసేది. జేజి నుంచి తాతకు, తాత నుంచి నాయనకు, నాయన నుంచి నాకు. ఆ ముడి, మా ఇంటి పిల్లికళ్లు — ఆయన ఇచ్చిపోయిన ఆస్తి అంతా ఇదే.

ఆగస్టు 9
సింధు దగ్గర రాత్రి మకాం. ల్యాబ్ డ్యూటీ నుంచి వచ్చి, అన్నం కూడా తినకుండా ఫోన్ ముందు కూర్చుంది నా కూతురు. స్కాట్లాండ్‌లో అబర్దీన్ అనే రేవు ఊరు ఒకటి ఉందట. జేజి నోట ఆ పేరు విన్నానని నాయన అంటాడు. అక్కడ పాత ఓడ మనుషుల వివరాలు వెతికిపెట్టే పెద్దావిడ ఎవరో ఉందట, ఆమెకు రాస్తోంది. ముడి ఫోటో పెట్టింది. నాయన కళ్ల ఫోటో కూడా పెట్టింది.
"కళ్లు ఎందుకే?"
"ఉండనీ నాన్నా. మన దగ్గర ఇంకేం ఉంది పంపడానికి?"
నిజమే.

ఆగస్టు 14
ఈరోజు విసుగొచ్చి అనేశాను — ఎట్లాగూ పోయే ఉంటాడు కదా నాయనా, ఎట్లా పోయినాడని ఇప్పుడెందుకు?
నాయన నా వైపు తల తిప్పాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.
"నేను పోతే పన్నెండో దినం నా పిండం ముద్ద తీసి పైన ముగ్గురి ముద్దల్లో కలపతావు. మా నాయన, ఆయన నాయన, ఆ పైనాయన. పేర్లు చెప్పి కలపల్ల. వాడు సముద్రంలో పోయుంటే మనోడే. రావల్లనుకునే పోయినాడని అర్థం. ఆడ పెండ్లాం బిడ్డల మధ్య మంచంలో పోయుంటే వాళ్లోడు. వాళ్లు సూసుకుంటారు. మనమెవురు పిలిసేదానికి?"
మరి మునిరత్నం తాత దినాలకు ఆయన నాయనగా ఎవరి పేరు చెప్పావు అని అడిగాను.
"జేజి నాయన పేరు. చెంగల్రాయుడని. అయ్యవారు తొందర పెట్టినాడు, నోటికొచ్చింది చెప్పేసినా. మా నాయన్ను తీసకపోయి పరాయోళ్ల ఇంటి తిన్నె మీద దించొచ్చినట్టుండాది రా నాకు."
ఇన్నేళ్లు ఈ మాట ఎవరికీ చెప్పలేదు. 

ఆగస్టు 23
జవాబు వచ్చింది. సింధు బస్టాండులో నిలబడే చదివి చెప్పింది.
ఆ ముడి లోకంలో ఉన్న ప్రతి ఓడ మనిషీ వేస్తాడట.
ఆ వయసు జాన్ మెకేలు ముగ్గురు దొరికారు. ఒకడి ఓడ మనుషులతో సహా మునిగిపోయింది. ఒకడు సొంత ఊళ్లో, ముసలితనంలో, పెళ్లాం బిడ్డల మధ్య పోయాడు. మూడోవాడు ఏమయ్యాడో ఎక్కడా లేదు. మనవాడు ఎవరో తేలాలంటే ఓడ పేరైనా కావాలి, వాళ్ల నాయన పేరైనా కావాలి.
ముగ్గురూ మనవాళ్లే అనుకుంటే పోలా, అన్నాను సింధుతో. నవ్వలేదు.

ఆగస్టు 25
నాయనను అడిగాను. ఓడ పేరు?
"జేజి ఓడ అనేది. ఓడకు పేరుంటాదా?"
వాళ్ల నాయన పేరు?
కళ్లు మూసుకుని వెతికాడు. ఆ పసుపుపచ్చ మొహంలో ఎంత వెతుకులాటో.
"ముగ్గురని నోటితో అన్నానే గానీ, వానికీ ఒక నాయన ఉంటాడని నాకు ఇప్పటిదాకా తోచనే లేదురా."

సెప్టెంబరు 2
ఐరాల పోయివచ్చాను. బావి పూడ్చేశారు, దాని మీద ఎవరిదో పశువుల కొట్టం. జేజిని ఎరిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. వాళ్ల అమ్మ చెప్పగా విన్నానని ఒక ముసలామె మాత్రం — "పిల్లికండ్ల మునిరత్నం మనవడివా? ఆయన్ను కన్న యమ్మ సచ్చేదాకా బొట్టు తీయలేదంట నాయనా. పండగైతే ఇంకా పెద్దది పెట్టేదంట. ఊరోళ్లు నవ్వుకునేవాళ్లంట."
ఆయన గురించి జేజి ఊళ్లో ఎవరి దగ్గరా నోరు విప్పలేదట. ఓడ గురించి ఎవరైనా అడిగితే లేచి గొడ్ల దగ్గరికి పోయేదట.
మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

సెప్టెంబరు 8
పెద్దావిడ మళ్లీ రాసింది. ఇంకేమీ చేయలేనని. ఇట్లాంటివి చాలావరకు ఇక్కడికొచ్చే ఆగిపోతాయట. ఫోటోలో పెద్దాయన కళ్లు చాలా బాగున్నాయి అని చివర రాసింది.
నాయనకు బీపీ నిలవడం లేదు. మిషన్ మీద పెట్టిన కాసేపటికే తీసేశారు.

సెప్టెంబరు 10
అబద్ధం చెప్పాను.
మంచం పక్కన వంగి, తెలిసింది నాయనా, సముద్రంలోనే పోయినాడంట, ఓడ మునిగిందంట, ఈడికి వస్తా ఉండగానే అంట — ఇంతా చెప్పాను. చెప్తుంటే నాకే నిజమనిపించింది.
నాయన కళ్లు తెరిచాడు. ఆ ముఖంలోకి వచ్చిన వెలుగు... అంతలోనే —
"ఓడ పేరేమి?"
ఏదో ఒక పేరు చెప్పి ఉండొచ్చు. లోకంలో పేర్లకు కరువా? దుప్పటి అంచు లాగి సరిచేశాను.
నాయన నా చెయ్యి తట్టాడు. "పోనీలే. వాడు కాపుకు వస్తానన్నట్టే ఉండాది నువ్వు చెప్పేది."
తర్వాత నీళ్లడిగాడు. అవీ ఎక్కువ ఇవ్వకూడదు.

సెప్టెంబరు 11
పలకడం లేదు.

సెప్టెంబరు 14
పొద్దున నాయన పోయాడు. అంబులెన్స్‌లో చిత్తూరు తెచ్చాం. పాడె తాళ్లు నా అంగడివే. కట్టేటప్పుడు చేతులు వాటంతటవే జేజి ముడి వేశాయి. విప్పి మామూలు ముడి వేయమన్నారు పెద్దలు. విప్పాను, ఒక్క వేలితోనే.

సెప్టెంబరు 18
అయ్యవారితో మాట్లాడాను. గోత్రానికి ఇబ్బంది లేదు, తెలియని వాళ్లకు కాశ్యపం ఉంది. "పేరు మాత్రం నువ్వే చెప్పల్ల. మీ నాయన పోయి కలిసేది వాళ్లల్లోనే కదప్పా."
చిన్నాన్న కొడుకులు అంటున్నారు, పాత పేరే చెప్పేయ్, ఎవరు చూడొచ్చారు. చెంగల్రాయుడంటే ఎవడూ ఏమీ అడగడు.

సెప్టెంబరు 21
మహాలయ అమావాస్య. ఊరంతా పెద్దలకు పెట్టుకుంటోంది. మాకు మైల. తలుపు దగ్గరగా వేసుకుని కూర్చున్నాం.

సెప్టెంబరు 24
నా కూతురు అంటుంది, "తాతకు ఇష్టమైంది చెయ్యి నాన్నా." ఇష్టం కాదు కదా తల్లీ, ఆయన అడిగింది నిజం. అది ఎవరి దగ్గరా లేదు.
సముద్రంలో పోయాడంటే జేజి విధవ. మంచంలో పోయాడంటే వదిలేసిన ఆడది. ఏదీ కాకుండా ఆమె బొట్టు పెట్టుకుని బతికేసింది. నాకు ఆ మొండితనం కూడా లేదు. చెంగల్రాయుడే. తేల్చేశాను. నిద్ర పోవాలి.

సెప్టెంబరు 25
నీవా ఏటి గట్టు. ఏట్లో నీళ్లు మురికిగా ఉన్నాయి, ఇంటి నుంచి బిందెతో తెచ్చుకుని స్నానం చేశాను. ఆకులో మూడు ముద్దలు. నాయనది విడిగా, నా చేతిలో.
"మీ తాత పేరు?"
మునిరత్నం.
"ఆయన నాయన?"
చెంగల్రాయుడు అనే అనబోయాను, ఒట్టు. పరాయోళ్ల తిన్నె గుర్తొచ్చింది. తాత అక్కడే కూర్చుని ఉన్నాడు, ఇప్పుడు నాయనను కూడా తీసుకుపోయి ఆయన పక్కన దించి రావాలి.
"జాన్ మెకే."
చిన్నాన్న కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక సింధు గట్టిగా ఊపిరి వదిలింది. అయ్యవారు దర్భ సర్దుకున్నాడు. మళ్లీ ఒకసారి అడిగి, నోరు తిరిగినట్టు ఆ పేరు మంత్రంలో పెట్టి చదివాడు. నాకు ఏడుపొచ్చింది. నాయన పోయినరోజు కూడా రాని ఏడుపు.
రెండో ముద్ద మీద నీళ్లు వదిలించి, మూడో ముద్ద వైపు వేలు చూపించాడు.
"ఆయన నాయన పేరు?"
నాయన ముద్ద నా చేతిలోనే ఉంది.