వదిన అడిగిన ప్రశ్న

సెప్టెంబరు 9

ప్రియమైన వదినకు,

ఈ పరాయి దేశపు బైబిల్ కాలేజీకి క్షేమంగా చేరాను. ఫోన్‌లో నువ్వు "ఊఁ, బాగున్నాం, ఉంటా" తప్ప ఇంకో ముక్క మాట్లాడవు కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే. చెప్పాల్సినవి కడుపులో పట్టడం లేదు.

నా గది మూడో అంతస్తులో. ఇనప మంచం, బల్ల, కుర్చీ. మధ్యలో నిలబడి చేతులు చాస్తే రెండు గోడలూ అందుతాయి. అయినా బుద్ధెరిగాక నాకంటూ ఒక గది ఉండటం ఇదే మొదటిసారి. తలుపు మూసి, తీసి, మళ్ళీ మూసి చూశాను. లైబ్రరీ నాలుగంతస్తులు వదినా. ముప్పై ఆరేళ్ళు వచ్చినదాన్ని, బడిలో కొత్తగా వేసిన పిల్లలా నోరు తెరుచుకుని తిరిగాను.

టైలరు బాబాయి కుట్టిన కోటుకు లోపల మూడు జేబులున్నాయి. మూడోది నిన్ననే దొరికింది. పాస్టరుగారు నా గురించి రాసిన సిఫారసు ఉత్తరం ఇక్కడి ఫైల్లో చూశాను. ఏడు పేజీలు. అందులో ఉన్న మహాతల్లిని నేనెప్పుడూ కలవలేదు.

ఇంతమంది తలా ఒక చెయ్యి వేస్తే వచ్చాను. అందరికంటే బరువైనది నీ చేయి. తుంటి విరిగి మంచాన పడ్డ అమ్మను నీకు అప్పగించి వచ్చేశాను. లేపేటప్పుడు కుడివైపునుంచి పట్టుకో, ఎడమవైపు నొప్పెడితే చెప్పదు, పళ్ళు బిగిస్తుంది. ఈ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

ఇట్లు,
పెత్తనం వదులుకున్న నీ ఆడపడుచు


అక్టోబరు 2

మరదలు పిల్లకు,

రుణం గిణం అని ఇంకోసారి రాశావంటే ఉత్తరం చింపి పొయ్యిలో వేస్తాను. మీ అమ్మ నాకు అత్తయ్య. నువ్వు లేకపోయినా ఆవిడతో నాకు పోట్లాటలు ఉండేవే. ఇప్పుడు వాటికి తీరిక దొరికింది, అంతే.

లాండ్రీలో ఉదయం షిఫ్టుకు మారాను. అది అయ్యేవరకూ మీ అన్నయ్య అత్తయ్య దగ్గర ఉంటాడు. నేను రాగానే వెల్డింగ్ షాపుకు పరిగెడతాడు. మొగుడూ పెళ్ళాం గుమ్మంలో ఎదురుపడి "అన్నం మూత పెట్టాను", "మాత్ర వేశాను" అనుకుని విడిపోతున్నాం. పోట్లాడుకోవడానికి టైం లేక మా కాపురం చాలా బాగుంది.

అసలు సంగతి. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. ఆసుపత్రి దుప్పట్లు మడత పెట్టడానికి ఇద్దరం ఎదురెదురుగా నిలబడాలి కదా, ఆ పని చేస్తూనే చదివి వినిపించాను. మా ఏడుగురికీ తెగ నచ్చింది. "కోటూ జేబులూ సరే, అక్కడ ఏం నేర్పుతున్నారో రాయమను" అని మా సూపర్‌వైజరమ్మ హుకుం. కాబట్టి ఉత్తరానికి ఒక పాఠం చొప్పున రాయి. అర్థం కాకపోతే తిరిగి అడుగుతాం. ఇక్కడ ఎవరికీ మొహమాటం లేదు.

అత్తయ్య నిన్ను పళ్ళు తోముకున్నాకే కాఫీ తాగమంది.

నీ వదిన


ఫిబ్రవరి 20

వదినా,

గ్రీకు పరీక్షలో తప్పాను. నూటికి ముప్పై ఒకటి. క్లాసులో ఇంకెవరూ తప్పలేదు. కుర్రవాళ్ళు నా భుజం తట్టి వెళ్తుంటే భూమిలోకి కుంగిపోయినట్టుంది.

నిన్న పెట్టె సర్దాను. మీరందరూ అక్కడ అంత కష్టపడుతుంటే నేనిక్కడ అక్షరాలు కూడా పట్టుకోలేకపోతున్నాను. పాస్టరుగారి మొహం ఎలా చూడను? నువ్వు "వచ్చేయ్" అంటే వచ్చేస్తాను.

నీ
ముప్పై ఒకటి


మార్చి 6

ముప్పై ఒకటికి,

వచ్చేయ్ అనను.

నీ ఉత్తరం లాండ్రీలో చదివాను. బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దావిడ "మొదటి నెల నేను ఎన్ని దుప్పట్లు కాల్చానో నీకు గుర్తు లేదా?" అంది. గుర్తుంది. పదకొండు. ఇప్పుడు ఆవిడ చేత్తో ముట్టుకుని ఆవిరి ఎంతుందో చెబుతుంది.

పాఠం రాయలేదు ఈసారి. ఆ కోపం ఒక్కటే నాకు. పెట్టె విప్పి, ఆ గ్రీకు అక్షరాలేవో మాకూ రాసి పంపు. ఎంత కష్టమో మేమూ చూస్తాం.

నీ వదిన


నవంబరు 11

ప్రియమైన వదినా, మరో ఆరుగురికీ,

గ్రీకులో డెబ్బై నాలుగు. ముందు అది చెప్పాలి. మార్కుల కాగితం చూడగానే మీ అందరి పేరు మీదా ఒక్క గంతు వేశాను. కింది గదివాళ్ళు కప్పు తట్టారు.

మీరు దిద్ది పంపిన గ్రీకు అక్షరాల కాగితం నా గోడ మీద ఉంది. సూపర్‌వైజరమ్మ దస్తూరీ నా దానికంటే బాగుందని మాకు గ్రీకు చెప్పే గడ్డం ప్రొఫెసరుగారే అన్నారు.

ఇప్పుడు ఇంకో చిక్కు. రెండో ఏడు కదా, థీసిస్ రాయాలి. 'కృతజ్ఞత' మీద రాస్తానన్నాను. నాకంటే దాని గురించి తెలిసినవాళ్ళెవరు? గడ్డం ప్రొఫెసరుగారు బీరువా తెరిచి చూపించారు. "కృతజ్ఞత మీద ఇప్పటికి ముప్పై ఉన్నాయమ్మా. కొత్త ప్రశ్న ఉంటే రండి, లేకపోతే వేరే విషయం చూసుకోండి." రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ వెనక్కి పంపారు.

ఈ ఉత్తరానికి పాఠం అదే, మీకు తెలిసిన కథే. పదిమంది కుష్ఠురోగులు బాగుచేయమని ప్రభువును వేడుకున్నారు. వెళ్ళి యాజకులకు చూపించుకోమన్నాడు. దారిలోనే పదిమందికీ నయమైంది. ఒక్కడే తిరిగొచ్చి కాళ్ళమీద పడ్డాడు. మిగతా తొమ్మిది మందీ ఏరీ అని ప్రభువు అడిగాడు. ముప్పై థీసిస్‌లూ ఆ తొమ్మిది మందినీ చెరిగిపారేశాయి. నేనూ అదే చేయబోయాను.

తల బద్దలు కొట్టుకుంటున్న
నీ మరదలు


డిసెంబరు 1

మరదలా,

ఈ కథ మీద మా లాండ్రీలో పెద్ద యుద్ధం అయింది. రెండు ట్రాలీల దుప్పట్లు ఉతక్కుండా మిగిలిపోయాయి, సూపర్‌వైజరమ్మే యుద్ధంలో ఉంది కాబట్టి ఎవరూ తిట్టలేదు.

మేము రోజూ చూస్తాం కదా. నెలలపాటు పడుకున్న మనిషిని ఇంటికి పొమ్మంటే ఒక్క క్షణం ఆగడు. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోతాడు. లాండ్రీ దాకా వచ్చి థాంక్స్ చెప్పినవాణ్ణి ఈ పద్నాలుగేళ్ళలో చూడలేదు. నాకెప్పుడూ కష్టం అనిపించలేదు. ఖాళీ మంచం మీది దుప్పటి వచ్చినప్పుడు "అమ్మయ్య, వెళ్ళాడు" అనుకుంటాం. ఒక్కటే గుబులు, ఇంటికి సరిగ్గా చేరాడా లేదా అని. మా వార్డు నర్సమ్మ మొన్న అడిగింది: "ఆ ఎనిమిదో నంబరు ఏడీ?" ఆ మాటలో కోపం లేదు. ఎవరు తీసుకెళ్ళారు, నడవగలిగాడా, అదీ ఆవిడ బెంగ.

అందుకని అడుగుతున్నాను. 'ఏరీ' అన్నప్పుడు ప్రభువు గొంతు ఎలా ఉంది? మీ పుస్తకాల్లో గొంతు రాస్తారా? ఫిర్యాదు చేశాడా, ఆరా తీశాడా? మరి ఆ తొమ్మిది మందికీ రోగం మళ్ళీ రాలేదుగా. ఇచ్చింది వెనక్కి తీసుకోలేదుగా.

తెలిస్తే రాయి. పందెం కాశాం. ఓడినవాళ్ళు టీ పెట్టాలి.

నీ వదిన


జనవరి 17

వదినా,

నీ ఉత్తరం చదివి చెప్పుల్లేకుండా మెట్లు దిగాను. గడ్డం ప్రొఫెసరుగారి గది తలుపు కొట్టకుండానే తోశాను. "ఆ ప్రశ్న అడిగిన గొంతు ఎలాంటిదండీ?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీశారు. "కూర్చోండి" అన్నారు. రెండు గంటలు మాట్లాడుకున్నాం. పాత వ్యాఖ్యానాలు పదిహేను బయటికి తీయించారు. "ఈ ప్రశ్న బంగారం" అన్నారు. ఒప్పేసుకున్నారు వదినా. థీసిస్ మొదలైంది. రోజూ లైబ్రరీ మూసే బెల్లు కొట్టేదాకా రాస్తున్నాను. చేయి నొప్పెడుతోంది, నవ్వొస్తోంది.

ఒక్కటి మాత్రం దాచలేను. "మీకు ఎలా తట్టింది?" అని ఆయన అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రెండుసార్లు వెనక్కి పంపించుకున్న మనిషిని, మొదటిసారి మెచ్చుకుంటుంటే నోరు పెగల్లేదు. అప్పటినుంచి ముల్లు గుచ్చుకున్నట్టుంది.

నీ మరదలు


ఫిబ్రవరి 3

పిచ్చి మరదలా,

ప్రశ్న నాదైతే ఏం, నీదైతే ఏం. నాకు నోరు ఊరుకోక అడిగాను, గ్రీకు వెతికింది నువ్వు. డిగ్రీ తెచ్చుకో, చాలు. అత్తయ్య గోడ పట్టుకుని ఎనిమిది అడుగులు వేసింది. తొమ్మిదో అడుగు వేయమంటే "నీ కోసం ఒకటి దాచాను" అంది. ఆవిడ జోకులు వేస్తోందంటే బాగుపడుతున్నట్టే.

టీ ఎవరు పెట్టాలో ఇంకా తేల్చలేదు నువ్వు.

నీ వదిన


మే 28

ప్రియమైన వదినా,

మౌఖిక పరీక్ష అయింది. ముగ్గురు పరీక్షకులు, పొడుగాటి బల్ల, నా ఎదురుగా నీళ్ళ గ్లాసు. గంటసేపు బాగానే జవాబులు చెప్పాను. చివర్లో ప్రిన్సిపాలమ్మగారు, "ఇంతకాలం ఎవరూ ఇలా అడగలేదు. ఈ ప్రశ్న మీకు ఎక్కడ దొరికింది?" అన్నారు.

"నాకు దొరకలేదండీ. మా వదిన అడిగింది. ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఇన్నాళ్ళూ చెప్పనందుకు సిగ్గుపడుతున్నాను."

నన్ను బయట కూర్చోమన్నారు. అరగంట. రెండేళ్ళ చదువూ పోయిందనుకున్నాను. విచిత్రంగా, గుండె మాత్రం తేలిగ్గా ఉంది. లోపలికి పిలిచి థీసిస్ వెనక్కిచ్చారు. మూడు వారాల గడువు. ప్రశ్న ఎవరిదో మొదటి పేజీలో రాయాలి, నీ ఉత్తరం మొత్తం అనువదించి చివర జతచేయాలి. అదే శిక్ష. నేను ఏడ్చేశాను, గడ్డం ప్రొఫెసరుగారు తన రుమాలు ఇచ్చారు.

ఇప్పుడు కూర్చుని చదువు. ప్రిన్సిపాలమ్మగారు నీ ఉత్తరాలు ఇంకా ఉన్నాయా అని అడిగారు. ఉన్నవన్నీ వాళ్ళ భాషలోకి మారుస్తూ చదివి వినిపించాను. మీ అత్తాకోడళ్ళ గొడవలు కూడా అర్థం చేసుకుని నవ్వారు. ఇక్కడ డిగ్రీ లేనివాళ్ళ కోసం ఏడాది చదువు ఒకటుంది. చదువు, వసతి ఖర్చులు వాళ్ళవే, మొదటి మూడు నెలలు భాష నేర్పుతారు. "ఆవిడ వస్తారా?" అన్నారు. దరఖాస్తు దీంతోనే పంపుతున్నాను.

గంతులు వేస్తున్న
నీ మరదలు


జూన్ 12

మరదలా,

నీకు మతిపోయింది. నలభై రెండేళ్ళు నాకు. ఇంటర్‌తో ఆపేసినదాన్ని. అత్తయ్యను ఎవరు చూస్తారు? లాండ్రీలో సెలవెవరిస్తారు? మీ అన్నయ్యకు ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు.

దరఖాస్తు బల్ల సొరుగులో పెట్టాను. రోజుకోసారి తీసి చూసి మళ్ళీ పెడుతున్నాను, అంతే. ఇంకేం లేదు.

నీ వదిన


జూన్ 27

వదినా,

థీసిస్ మళ్ళీ ఇచ్చాను, డిగ్రీ వచ్చింది. ఇక అమ్మను నేను చూస్తాను. ఆవిడ నాకు అమ్మ, నీకంటే ముందునుంచి. మన చర్చిలో బోధించమని పాస్టరుగారు రాశారు, వారానికి మూడు రోజులు. మిగతా సమయమంతా అమ్మ దగ్గర నేనే. అన్నయ్యకు ఉప్పు డబ్బా చూపిస్తాను. వచ్చే నెల నాలుగున బయలుదేరుతున్నాను. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆ సొరుగులో కాగితం ఉండకూడదు.

పెత్తనం తిరిగి తీసుకున్న
నీ ఆడపడుచు


డిసెంబరు 15

ప్రియమైన మరదలికి,

ఇప్పుడు ఉత్తరం మొదలుపెట్టడం నా వంతు, ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. నాది రెండో అంతస్తు. కింద వంటగది కాబట్టి నేల వెచ్చగా ఉంటుంది. గడ్డం ప్రొఫెసరుగారు ఎదురైనప్పుడల్లా తల వంచి నమస్కారం పెడుతున్నారు, నేను వెనక్కి తిరిగి ఇంకెవరికో అనుకుంటున్నాను.

నేను వచ్చేముందు రోజు జరిగింది నీకు చెప్పలేదు. నువ్వు చర్చికి వెళ్ళావు. పెట్టె పక్కన కూలబడి "అత్తయ్యా, నేను వెళ్ళను" అన్నాను. ఆవిడ నావైపు చూడకుండా, "ఒకదాన్ని పంపి బతికాం కదే. రెండోదాన్ని పంపితే చస్తామా? లే, ఆ పెట్టె మూయి" అంది. మీ అన్నయ్య పెట్టె మీద కూర్చుని తాళం వేశాడు.

నిన్న నా మొదటి అసలు క్లాసు. భాష నేర్చుకున్నది మూడు నెలలు, నా దగ్గరున్న మాటలన్నీ కూడేస్తే ఒక దోసెడు. ఆ రోజు కథ పక్షవాతం మనిషిది. నలుగురు స్నేహితులు మంచంతో సహా మోసుకొస్తారు, ఇంటినిండా జనం, దారి లేదు. పైకప్పు విప్పి లోపలికి దించుతారు. ప్రభువు బాగుచేస్తాడు, వాడు మంచం ఎత్తుకుని నడిచి వెళ్ళిపోతాడు. టీచరమ్మ ఒక్కొక్కరినీ అడిగింది, "ఈ కథలో మీరెవరు?" అని. కొందరు ఆ రోగి అన్నారు. ఎక్కువమంది మోసినవాళ్ళం అన్నారు. నా వంతు వచ్చింది.

"ఆ ఇల్లు నాదండీ" అన్నాను.

అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. "ఇంకా చెప్పండి" అంది.

"అందరూ సంతోషంగా వెళ్ళిపోయారు. నా ఇంటికి కన్నం పడింది. దాన్ని ఎవరు కప్పారండీ?"

నవ్వు ఆగిపోయింది. "మీరేమనుకుంటున్నారు?" అని అడిగింది టీచరమ్మ.

నాకు తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటే వెతికి తీశాను. "పొద్దున్న వాడికి కాళ్ళు లేవు. ఇప్పుడు ఉన్నాయి. ముందు ఇంటికి వెళ్ళి అమ్మకు చూపించి ఉంటాడు. ఆ తర్వాత నిచ్చెన భుజాన వేసుకుని నా ఇంటికి తిరిగొచ్చి ఉంటాడు. నాకు తెలుసండీ. మా మరదలు అలాగే వచ్చింది."

నీ వదిన