బిగబట్టుకున్న పిల్ల

విశాఖపట్నం, మంగళవారం

ప్రియమైన అమ్మకు,

నిన్న ఫోన్ మధ్యలో పెట్టేశావు కాబట్టి, రాసి పరదేశి బాబాయి చేత పంపుతున్నాను.

ఆదివారం నేను చోడవరం వచ్చేసరికి రోజా బీరువా పక్కన కాళ్లు మెలివేసుకుని, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. వారం రోజులుగా దొడ్డికి వెళ్లలేదని నువ్వు నాకు ముందే ఎందుకు చెప్పలేదు? దాని పొట్ట రాయిలా ఉంది. డాక్టరు గారు మందు పెడుతుంటే అది ఏడ్చిన ఏడుపు నా చెవుల్లోంచి పోవడం లేదు. "ఈ పాపని ఎవరో బాగా బెదిరించేరండి" అన్నారాయన. నేను నీ వైపు చూశాను. నువ్వు తల దించుకున్నావు.

జూన్‌లో ప్లే స్కూల్లో వెయ్యాలి, డైపర్ మాన్పించమని అడిగాను, నిజమే. మూడేళ్లు నిండని పిల్లని బెదిరించి నేర్పమన్నానా? వచ్చే ఆదివారం నా పిల్లని తీసుకుపోతాను. ఇక్కడే ఎక్కడో వదిలి డ్యూటీకి పోతాను.

నీ కూతురు,
రేవతి

చోడవరం, గురువారం

చిరంజీవి రేవతిని దీవించి రాయునది,

దీవెన అలవాటు కొద్దీ రాశాను.

ముగ్గురిని పెంచాను. దీనికోసం ఒక్కరి మీదా చెయ్యి ఎత్తలేదు. నువ్వయితే నాలుగేళ్లు వచ్చినా పక్క తడిపేదానివి. చాప ఉతికి ఆరేసుకున్నానే తప్ప నిన్నొక మాట అనలేదు.

రోజాకి ఉగాది నుంచే డైపర్ లేదు. పాలు తాగాక పాటీ మీద కూర్చోబెట్టి కబుర్లు చెప్పేదాన్ని. వస్తే వచ్చేది, రాకపోతే లేచి ఆడుకునేది. నెల తిరక్కుండా "అమ్మమ్మా, వస్తంది" అని తనే నా కొంగు లాగేది. ఆ వారమంతా అరటిపండు, బొప్పాయి, ఆముదం అన్నీ చూశాను. అది ఎందుకు బిగబట్టిందో నాకు తెలుసు.

పదిమందిలో నన్ను దోషిని చేశావు. ఎదురింటి అచ్చియ్యమ్మ ఆ డాక్టరు దగ్గరే ఉంది, వీధంతా చెప్పింది. నీ పిల్లని తీసుకుపో.

మంగాయమ్మ

విశాఖపట్నం, శుక్రవారం

అమ్మా,

తెలిస్తే డాక్టరు గారికి ఎందుకు చెప్పలేదు? ఎవర్ని కాస్తున్నావు, నాన్ననా, తమ్ముణ్ణా? పేరు రాయి. మిగతాది నేను చూసుకుంటాను.

రేవతి

చోడవరం, శనివారం

రేవతీ,

పేరు అడిగావు. నీ పేరే.

ఆ ముందు ఆదివారం బస్టాండులో అది నీ చీర పాడు చేసింది. బస్సు కదలబోతోంది, నీకు డ్యూటీ టైమయింది. పిల్లని నా చేతుల్లో పడేసి, "ఇంకోసారి ఇలా చేసేవంటే అమ్మ మరి రాదు" అన్నావు. బస్సెక్కి పోయావు. నీకు గుర్తుండదు. దానికి ఇంకే మాటా గుర్తు లేదు. మూడో రోజు పాటీ మీద కూర్చోబెడితే నా మెడ పట్టుకుని వణికింది. "సేస్తే అమ్మ రాదు" అంది.

ఇది తెలిస్తే నువ్వక్కడ ఒక్క పూట నిలవలేవని నోరు మూసుకున్నాను. ఆ నోరు నువ్వే తెరిపించావు. సెలవు పెట్టి వచ్చి నీ పిల్ల దగ్గర నువ్వుండు. నువ్వు గడప తొక్కగానే నేను దేవరాపల్లి మీ పిన్ని ఇంటికి పోతాను. నీ మొహం ఇప్పుడు చూడలేను.

అమ్మ

చోడవరం, మరుసటి శనివారం

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం చదివి మొదట నీ మీదే మండిపడ్డాను. తర్వాత ఆ కోపం చూపించడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

మూడు రోజులు మందు వేసినా రోజా బిగబట్టింది. నాలుగో రోజు తలుపు చాటుకి పోతే, నేనూ వెళ్లి పక్కన నేల మీద కూర్చున్నాను. "సేస్తే ఎల్లిపోతావా?" అంది. డ్యూటీకి వెళ్లక తప్పదని చెప్పాను. "మళ్లీ వస్తాను. బట్టల్లో చేసీసినా వస్తాను. ఆ రోజు అమ్మ తప్పు మాట్లాడింది" అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత నిలబడిన చోటే, నా పాదాల మీద చేసేసింది. నేను కదల్లేదు.

నిన్న డాక్టరు గారి దగ్గర, నిండిన గదిలో, బెదిరించింది నేనేనని చెప్పాను. అచ్చియ్యమ్మ గారిని కావాలనే వెంట తీసుకెళ్లాను. ప్లే స్కూలు వాళ్లకి రోజా జూన్‌లో రాదని చెప్పేశాను.

నీ కోపం తీరలేదని తెలుసు. తీరేదాకా ఆగకు, కోపంతోనే రా. సోమవారం నాకు డ్యూటీ. రోజాని నీ దగ్గర తప్ప ఎక్కడా వదల్లేను.

రేవతి